బొబ్బరి చేనుకి భాస్వరం: ఏ రకానికి, ఏ నేలలో, ఎంత?

(విజయనగరం జిల్లా గజపతినగరం దగ్గరి ఒక ఊళ్లో శ్రావణ మాసంలో జరిగిన రైతుల సమావేశంలో, మృత్తికా శాస్త్రం బోధించి రిటైరైన ఒక మాస్టారు మాట్లాడిన మాటలు. ఆ రోజు రాలేకపోయినవాళ్లు చదువుకోడానికి రికార్డింగు విని రాసినది.)

కూర్చోండి, కూర్చోండి. వెనకున్నవాళ్లు ముందుకి రండి. నేను చూపించబోయేది చాలా చిన్నది, అంత దూరానికి ఆనదు. అమ్మా, మీరూ రండి, ఆ అరుగు మీద చోటుంది.

ఇవిగో, రెండు బొబ్బరి మొక్కలు. పొద్దున్న ఇదే ఊరి గరువులో, అంటే మెట్ట భూమిలో, పక్కపక్క మడుల్లోంచి తవ్వి తెచ్చాను. పీకలేదు, తవ్వాను. పీకితే మనం చూడాల్సిన సరుకు మట్టిలోనే తెగి ఉండిపోతుంది. రెండూ ఇంచుమించు నలభై రోజుల మొక్కలే. పైనుంచి చూసి చెప్పండి, ఏది బాగుంది? ఎడంచేతిదా? ఎందుకని? ఆకు ముదురు పచ్చగా ఉందని. అవును, ముదురు పచ్చగానే ఉంది. కుడిచేతి దాని ఆకు కాస్త లేత రంగే. కానీ ఆకు సైజు చూశారా? ఎడంచేతిదాని ఆకు చిన్నది. కొమ్మలు రెండే. ఇంకా మొగ్గ లేదు. కుడిచేతిదానికి పూత మొదలైపోయింది.

ఇప్పుడు వేళ్లు. ఇదిగో బుడిపెలు. కొంతమంది వీటిని చూసి వేరుపురుగు అనుకొని మందు కొడతారు. నవ్వకండి, నిజం. పాపా, నువ్వు డిగ్రీ చదువుతున్నావా? రా, ఈ బ్లేడు పట్టుకో. ఎడంచేతిదాని బుడిపె ఒకటి మధ్యకి కోయ్. లోపల రంగేమిటి? తెలుపు. ఇంకోటి కోయ్. అదీ తెలుపే. ఇప్పుడు రెండోదాని బుడిపె కోయ్. ఏ రంగు? పెద్దగా చెప్పు, అందరూ వినాలి. ఎరుపు. మన రక్తంలో ఉండే పదార్థంలాంటిదే అందులోనూ ఉంటుంది, లెగ్‌హిమోగ్లోబిన్ అంటారు. ఆ ఎరుపు ఉంటే బుడిపె పనిచేస్తోందని అర్థం. తెలుపుంటే బుడిపె ఉంది గానీ పని లేదు. కొంచెం ఆకుపచ్చగా మారితే దాని పని అయిపోయింది, ముసలిదైపోయింది.

ఈ రెండు మడుల రైతులూ ఇక్కడే ఉన్నారు, పేర్లు చెప్పను. ఇద్దరూ మంచి రైతులే. ఒకాయన దుక్కిలో సూపర్, అంటే సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ అనే భాస్వరం ఎరువు, వేశారు. ఇంకొకాయన మొలకెత్తాక యూరియా ఒక్కటే వేశారు. విత్తనం కూడా వేరువేరు. అంచేత ఈ తేడా అంతా ఎరువుదేనని నేను ఒట్టేసి చెప్పను. రకానిది ఎంత, ఎరువుది ఎంత? ఇవాళ నేను మాట్లాడాలనుకున్నది సరిగ్గా అదే.

మన పెద్దవాళ్లు ఏమంటారు? అపరాలు వేస్తే భూమికి బలం అంటారు. అబద్ధం కాదు. కానీ అన్ని వేళలా నిజమూ కాదు. బుడిపె ఎర్రగా ఉంటేనే నిజం. బుడిపె తెల్లగా ఉన్న బొబ్బరి చేను భూమికి బలం ఇవ్వదు సరికదా, ఉన్నది కాస్తా లాక్కుపోతుంది. లెక్క తర్వాత వేసి చూపిస్తాను.

ముందు భాస్వరానికీ బుడిపెకీ ఏం సంబంధమో చూద్దాం. బొబ్బరి తన నత్రజని తానే గాలిలోంచి చేసుకుంటుంది కదా, మళ్లీ ఎరువెందుకు అని చాలామంది అడుగుతారు. చేసుకునేది మొక్క కాదండి, బుడిపెలో ఉండే సూక్ష్మజీవి. బ్రాడీరైజోబియం దాని పేరు. మొక్క దానికి చక్కెర ఇస్తుంది, అది మొక్కకి నత్రజని ఇస్తుంది. పనివాడికి కూడు పెట్టి పని చేయించుకోవడమే ఇది. ఆ కూడు మామూలు కూడు కాదు. గాలిలో నత్రజని అణువు రెండు పరమాణువులు గట్టిగా అతుక్కుని ఉంటుంది. దాన్ని విడగొట్టడానికి చాలా శక్తి కావాలి. ఒక్క అణువుకి 16 ఏటీపీలు ఖర్చవుతాయని డిగ్రీ పిల్లలకి తెలుసు. ఏటీపీ అంటే జీవకణంలో శక్తిని మోసే పదార్థం. అందులో మూడు భాస్వర భాగాలున్నాయి, పేరులోనే ఉంది, ట్రై ఫాస్ఫేట్ అని. ఇప్పుడు చెప్పండి, భాస్వరం లేకుండా ఆ పని జరుగుతుందా?

అందుకే మొక్కలో మిగతా భాగాల కంటే బుడిపెలోనే భాస్వరం ఎక్కువ పాళ్లలో ఉంటుంది. భాస్వరం తక్కువైన నేలలో మొక్క బతుకుతుంది. బతకడం వేరు, పనిచెయ్యడం వేరు. బుడిపెలు తక్కువ వస్తాయి, చిన్నవొస్తాయి, ఆలస్యంగా వస్తాయి. కొమ్మలు తగ్గుతాయి, పూత వెనకబడుతుంది. ఆకు మాత్రం ముదురు పచ్చగా కనపడుతుంది, ఎందుకంటే ఆకు పెరగడం ఆగిపోయి, ఉన్న పచ్చదనం అంతా ఆ చిన్న ఆకులోనే చిక్కబడిపోతుంది. మనం గట్టు మీద నిలబడి, పంట పచ్చగా ఉంది, ఢోకా లేదనుకుంటాం. నత్రజని లోపం పసుపు పచ్చగా అరిచి చెబుతుంది. భాస్వరం లోపం అలా చెప్పదు. అందుకే ఇన్నేళ్లుగా మన కళ్లు కప్పుతోంది.

యూరియా సంగతి కూడా ఇక్కడే అనేస్తాను. విత్తేటప్పుడు ఎకరాకి 8 కిలోల నత్రజని చాలు, అంటే 17, 18 కిలోల యూరియా. బుడిపెలు కట్టడానికి రెండు మూడు వారాలు పడుతుంది, ఆ లోపల మొక్కకి అదే ఆధారం. అంతకు మించి వేస్తే? మట్టిలో నత్రజని తేరగా దొరుకుతుంటే మొక్క బుడిపెల మీద చక్కెర ఎందుకు ఖర్చు పెడుతుంది? పెట్టదు. తీగ బారెడు సాగుతుంది, పేనుబంక పండగ చేసుకుంటుంది, కాయ ఉండదు.

ఇప్పుడు మన మట్టి. ఇది అసలు విషయం, దీని మీద కొంచెంసేపు ఉంటాను.

మన విజయనగరం గరువులు, శ్రీకాకుళంలో రణస్థలం, లావేరు వైపు గరువులు, చాలావరకు ఎర్ర గరప నేలలు. ఆ ఎరుపు ఎక్కడిది? ఇనుము. ఇనుపు ఆక్సైడు. ఇలాంటి నేలలు కొన్నిచోట్ల ఆమ్ల గుణంతో ఉంటాయి. ఆమ్ల గుణం ఉన్న ఎర్ర నేలలో మీరు భాస్వరం వేశారనుకోండి, అది నీళ్లలో కరిగి, వేరు దాకా వెళ్లే లోపే ఇనుము, అల్యూమినియం దాన్ని పట్టేసుకుంటాయి. పట్టుకున్నది తొందరగా వదలవు. సున్నం ఎక్కువున్న నల్ల నేలలోనయితే ఆ పని కాల్షియం చేస్తుంది. ఉదజని సూచిక, అంటే నేల ఆమ్లమో క్షారమో చెప్పే పీహెచ్ అంకె, 6 నుంచి 7 మధ్య ఉన్న నేలలోనే భాస్వరం మొక్కకి బాగా అందుతుంది.

అంచేత ఏమవుతుంది? మీరు వేసిన భాస్వరంలో ఆ ఏడాది పంటకి అందేది సుమారుగా పదో వంతు నుంచి నాలుగో వంతు లోపే. మిగతాది ఎక్కడికి పోయింది? ఎక్కడికీ పోలేదు. యూరియాలాగా గాలిలోకి ఎగిరిపోదు, నీళ్లలో అంత తేలిగ్గా కొట్టుకుపోదు. మీ మడిలోనే ఉంది. మట్టి కోతపడి గెడ్డలోకి పోతే తప్ప మీ ఆస్తే. కొంత తర్వాతి పంటలకి మెల్లగా వదులుతుంది.

ఇంకో సంగతి. భాస్వరం కదలదు. వేసినచోటి నుంచి కొన్ని మిల్లీమీటర్లు జరిగితే గొప్ప. యూరియా నీళ్లతో పాటు కిందికి దిగుతుంది. భాస్వరం దగ్గరికి వేరే వెళ్లాలి. మరి చేను మొలిచి, చారెడు ఎత్తయ్యాక పైన డీఏపీ, అంటే నత్రజని, భాస్వరం రెండూ ఉన్న ఎరువు, చల్లితే వేరు పైకొచ్చి తింటుందా? పైపైన ఉన్న నాలుగు పిల్లవేళ్లు తింటాయి, ఎండ తగిలి పై మట్టి ఆరిపోయిన రోజు అవీ తినవు. అంచేత భాస్వరం విత్తేటప్పుడే పడాలి. గొర్రుతో చాలులో పడాలి. విత్తనానికి రెండంగుళాలు కింద, కాస్త పక్కగా. విత్తనంతో కలిపి ఒకే చాలులో పోయకండి. ముఖ్యంగా డీఏపీ. దాంట్లోంచి వచ్చే అమ్మోనియా మొలకని కాల్చేస్తుంది. చాలులో పడినప్పుడు ఎరువు ఒక చోట గుట్టగా ఉంటుంది, ఇనుము అంతా దాన్ని ఒకేసారి చుట్టుముట్టలేదు. చల్లితే రేణువు రేణువుకీ మట్టి తగిలి అక్కడికక్కడే బందీ అయిపోతుంది.

ఎంత వెయ్యాలి? మన రాష్ట్రంలో అపరాలకి మామూలుగా చెప్పేది ఎకరాకి 20 కిలోల భాస్వరం. సూపర్‌లో 16 శాతం ఉంటుంది. అంటే 125 కిలోలు, రెండున్నర బస్తాలు. డీఏపీలో 46 శాతం. 50 కిలోల బస్తాలో 23 కిలోల భాస్వరం, 9 కిలోల నత్రజని. ఒక బస్తాకి కాస్త తక్కువ వేస్తే రెండూ సరిపోతాయి, యూరియా అక్కర్లేదు. మొయ్యడానికి డీఏపీ తేలిక, ఒప్పుకుంటాను. కానీ నన్నడిగితే, ఎర్ర గరువులో అపరాలకి సూపరే వెయ్యమంటాను. ఎందుకంటారా? సూపర్‌లో 11 శాతం గంధకం వస్తుంది, కాల్షియం కూడా. పప్పులో మాంసకృత్తులు తయారవ్వాలంటే గంధకం కావాలి. డీఏపీలో అది లేదు. దానికి తోడు డీఏపీ కోసం సీజన్లో లైన్లో నిలబడాలి, సూపర్‌కి అంత రద్దీ ఉండదు. రాతి భాస్వరం మన దేశంలో తక్కువ, మొరాకో, జోర్డాన్ లాంటి దేశాల నుంచి రావాలి. అక్కడ ధర పెరిగినా, ఓడ ఆలస్యమైనా ఇక్కడ మన ఊరి కొట్లో బస్తా కనపడదు. అలాంటి సరుకుని చల్లి పారేస్తామా?

మట్టి పరీక్ష కార్డు ఎంతమంది దగ్గరుంది? చేతులెత్తండి. బాగుంది. చదివినవాళ్లు ఎంతమంది? అదీ సంగతి. కార్డులో అంకెలు హెక్టారుకి ఉంటాయి, మన లెక్క ఎకరాలకి. హెక్టారంటే దాదాపు రెండున్నర ఎకరాలు. ఇంకో తిరకాసుంది. పరీక్షలో వచ్చే భాస్వరం అంకె మామూలుగా మూలకం లెక్క. బస్తా మీద రాసే భాస్వరం ఆక్సైడు లెక్క, అంటే పీ2ఓ5. ఒక కిలో మూలకం 2.29 కిలోల ఆక్సైడుకి సమానం. ఈ రెండూ కలిపేసి లెక్కలు వేస్తే అడ్డదిడ్డంగా వస్తుంది. ఓల్సన్ అనే మట్టి పరీక్ష పద్ధతిలో భాస్వరం హెక్టారుకి 10 కిలోల లోపుంటే తక్కువ, 25 దాటితే ఎక్కువ అని గుర్తుపెట్టుకోండి. నేల బాగా ఆమ్లంగా ఉంటే బ్రే పద్ధతిలో చేస్తారు, దానికి వేరే అంకెలుంటాయి. ఏ పద్ధతో ల్యాబులో అడగండి. అడగడానికి మొహమాటం వద్దు.

ఇక రకాల సంగతి.

బొబ్బర్లు ఆఫ్రికాలో పుట్టిన పంట. ఇప్పటికీ ప్రపంచంలో అందరికంటే ఎక్కువ పండించేది నైజీరియా. అక్కడ ఇబాదాన్ అనే ఊళ్లో అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ పరిశోధన సంస్థ ఉంది, 1967లో పెట్టారు. బొబ్బర్ల మీద పరిశోధన అక్కడ బాగా జరిగింది. వాళ్ల సవన్నా నేలలు ఇసక పాలు ఎక్కువ, సేంద్రియం తక్కువ, భాస్వరం తక్కువ. వింటుంటే మన గరువు గుర్తొస్తోందా? అక్కడా ఇక్కడా ప్రయోగాలు చేసే తీరు ఒకటే. నాలుగైదు రకాల విత్తనం తీసుకుంటారు, ఒక్కో రకానికీ భాస్వరం సున్నా, కొంచెం, మధ్యస్థం, ఎక్కువ అని మోతాదులు మార్చి వేస్తారు. ఎత్తు, కొమ్మలు, ఆకులు, బుడిపెలు, గింజ అన్నీ కొలుస్తారు. కోత అయ్యాక మట్టిని మళ్లీ పరీక్ష చేస్తారు. ఇలాంటి ప్రయోగాల్లో తరచూ తేలేదేమిటి? భాస్వరం పెరిగేకొద్దీ ఒక హద్దు దాకా పంట పెరుగుతుంది, ఆ తర్వాత పెరగదు. ఆ హద్దు అన్ని రకాలకీ ఒకచోట లేదు. కొన్ని రకాలు సున్నా మడిలో కూడా ఫర్వాలేదనిపించేలా పండి, ఎరువేస్తే కొంచెమే పెరుగుతాయి. కొన్ని సున్నా మడిలో చతికిలపడి, ఎరువు పడగానే లేచి నిలబడతాయి.

ఎందుకని? వేరులో ఉంది కిటుకు. కొన్ని రకాలకి పిల్లవేళ్లు, వేరు నూగు ఎక్కువ. ఎక్కువ మట్టిని తడిమి, దొరికిన కాస్త భాస్వరాన్నీ ఏరుకుంటాయి. కొన్ని వేళ్లు ఆమ్లాలు వదిలి, ఇనుము పట్టుకున్న భాస్వరాన్ని కొంత విడిపించుకుంటాయి. వేరుని అంటిపెట్టుకుని బతికే ఒక మేలు శిలీంధ్రం కూడా దారాలు చాచి తెచ్చిపెడుతుంది. దానితో కలవడంలోనూ రకానికీ రకానికీ తేడా ఉంది.

ఇంకొకటి కాలం. మన నాటు బొబ్బర్లు ఉన్నాయి కదా, చోడి, అదే రాగి చేలోనో, జొన్నలోనో కలిపి చల్లేవాళ్లు మన తాతలు. నేల మీద పాకుతూ, నిదానంగా, విడతలు విడతలుగా కాసేవి. వాటికి టైముంది. మెల్లగా ఏరుకుని తింటాయి. ఇప్పుడొచ్చిన పొట్టి రకాలు గుబురుగా, నిటారుగా పెరిగి, డెబ్బై ఎనభై రోజుల్లో ఒకేసారి కోతకొస్తాయి. దానికి నలభయ్యో రోజుకి పూతంటే, ఆ నలభై రోజుల్లోనే కావలసినదంతా దొరకాలి. దాని వేరు చిన్న మేర లోపలే తిరుగుతుంది. భాస్వరం అందుబాటులో లేకపోతే అది వేచి చూడదు, చిన్నగానే పూసేసి, నాలుగు కాయలు కాసి ఊరుకుంటుంది. కొత్త రకం విత్తనం ఖరీదుకి కొని, ఎరువు పాత అలవాటు ప్రకారం మానేస్తే రైతు నష్టపోయేది అక్కడ. విత్తనం కల్తీదని కొట్టువాడి మీద పడతాడు. ఒక్కోసారి కల్తీదే కావచ్చు, అది వేరే విషయం.

మీకేం కావాలో కూడా చూసుకోవాలి. కూరకి కాయ అమ్మాలా? అర్క గరిమ, పూసా కోమల్ లాంటి కూర రకాలున్నాయి. వాటిని వరసగా కోతలు కోస్తాం, కోసినప్పుడల్లా మొక్క మళ్లీ పూయాలి, తిండి ఎక్కువ కావాలి. గింజకయితే సి-152 పాత రకం, చాలామందికి తెలిసిందే. పశువులకి మేత, పచ్చిరొట్ట కావాలంటే పాకే రకం. ఈ మూడింటికీ ఒకే బస్తా లెక్క చెబితే నేను మాస్టార్ని కాదు, ఎరువుల కొట్టువాణ్ని.

లెక్క వేస్తానన్నాను కదా. పలక మీద రాస్తాను. బాబూ, ఆ సుద్దముక్క ఇలా ఇయ్యి.

ఎకరాకి 4 క్వింటాళ్ల గింజ పండిందనుకోండి. బొబ్బరి గింజలో వందకి దాదాపు 24 పాళ్లు మాంసకృత్తులు, అంటే నత్రజని సుమారు 3.8 శాతం. 4 క్వింటాళ్లలో 15 కిలోల నత్రజని బస్తాల్లో కట్టుకుని ఇంటికి తీసుకుపోయాం. రొట్టలో, ఆకులో, వేళ్లలో ఇంకో 10 కిలోలు ఉందనుకుందాం. మొత్తం 25. ఇది లెక్క కోసం అనుకోవడమే, మీ చేలో ఇంతే ఉంటుందని కాదు. ఇప్పుడు బుడిపెలు ఎర్రగా ఉండి, ఇందులో 70 శాతం గాలి నుంచి తెచ్చాయనుకోండి. పదిహేడున్నర కిలోలు. మనం తీసుకుపోయింది 15. భూమికి రెండున్నర మిగిలింది. బుడిపెలు సగమే పనిచేశాయి, 50 శాతం. పన్నెండున్నర వచ్చింది, 15 పోయింది. భూమి రెండున్నర నష్టపోయింది. తెల్ల బుడిపెలతో 30 శాతమే వచ్చిందా? ఏడున్నర కిలోలు భూమిలోంచి పోయాయి. నిజానికి తెల్ల బుడిపెల చేను 4 క్వింటాళ్లు పండదు, కానీ నిష్పత్తి మాత్రం అంతే.

ఇదంతా రొట్ట మడిలోనే ఉంచినప్పటి మాట. మనం ఏం చేస్తాం? మొక్కని వేళ్లతో సహా పీకి, కళ్లంలో కొట్టి, రొట్ట పశువుల పాకలో వేస్తాం. ఆ 10 కిలోల్లో చాలా భాగం కూడా పోయింది. పశువుకి పెట్టొద్దని నేననను. బొబ్బరి రొట్ట కంటే మంచి మేత ఏముంది? పెట్టండి. ఆ గెత్తం, అదే పశువుల ఎరువు, మళ్లీ అదే గరువుకి తోలండి. పల్లం మడి ముద్దు, గరువు సవతి బిడ్డ అన్నట్టు గెత్తమంతా వరికే తోలేస్తారు. కోసేటప్పుడు కొడవలితో నేల మట్టానికి కోసి, వేళ్లు మట్టిలో వదిలేయండి.

ఇక్కడ కూడా రకం వచ్చిందని గమనించారా? పొట్టి గింజ రకం తన నత్రజని ఎక్కువ భాగం గింజలోకి పంపేస్తుంది. ఆకు పండి రాలేది తక్కువ. పాకే రకం ఆకులో, తీగలో ఎక్కువ ఉంచుకుంటుంది, చేనంతా ఆకు రాలుతుంది, నేలని కప్పి వానదెబ్బ తగలనివ్వదు. గింజకి ఒకటి మంచిది, భూమికి ఒకటి మంచిది. రెండెకరాలున్నవాళ్లు ఒకెకరం ఇది, ఒకెకరం అది వేసుకుని, మరుసటేడు మార్చుకోవచ్చు.

భాస్వరం లెక్క దీనికి తిరగేసి ఉంటుంది. 4 క్వింటాళ్ల గింజలో ఉండే భాస్వరం, బస్తా లెక్క ప్రకారం, 4 కిలోలకి అటూ ఇటూ. మనం వేసింది 20. అంటే గింజతో బయటికి పోయేది అయిదో వంతు. మొదటి కొన్నేళ్లు ఇలా ఎక్కువ వెయ్యక తప్పదు, ఇనుము ఆకలి తీరాలి కదా. కానీ ఏటేటా అలాగే వేస్తూ పోతే? నేలలో పేరుకుంటుంది. పేరుకుంటే నష్టమేమిటి, ఉండనీ అంటారేమో. జింకు అందకుండా పోతుంది. ఇందాక చెప్పిన మేలు శిలీంధ్రం కూడా వేరుని పట్టుకోవడం తగ్గిస్తుంది. కూరగాయల మళ్లలో, చెరుకు మళ్లలో డీఏపీ మీద డీఏపీ వేసినవాళ్లకి ఈ పరిస్థితి వచ్చింది. అంచేత మూడేళ్లకోసారి మట్టి పరీక్ష చేయించి, కార్డులో ఎక్కువ అని వస్తే మోతాదు తగ్గించండి. దమ్ముండాలి తగ్గించడానికి, నాకు తెలుసు. పక్కవాడు వేస్తుంటే మనం మానలేం.

భాస్వరాన్ని కరిగించే బాక్టీరియా సీసాల్లో అమ్ముతున్నారు కదా, అది వేస్తే ఎరువు మానేయొచ్చా అని ఒకరు చీటీ పంపారు. అది లేని భాస్వరాన్ని పుట్టించదండి. ఉన్నదాన్ని కొంత విడిపిస్తుంది. ఏళ్ల తరబడి సూపర్, డీఏపీ వేసిన నేలలో, గెత్తం వేసిన నేలలో కొంత పని చూపిస్తుంది. ఎన్నడూ ఏమీ వెయ్యని గరువులో దాని మీద ఆశలు పెట్టుకోవద్దు. రైజోబియం సంగతి వేరు. 200 గ్రాముల పొట్లం, చల్లారిన బెల్లం నీళ్లతో విత్తనానికి పట్టించి, నీడన ఆరబెట్టి విత్తండి. వేరుశనగ, మినుము, పెసర, ఉలవ, కంది వేసిన మడిలో బొబ్బరికి పనికొచ్చే జాతి ముందే ఉంటుంది, అక్కడ పెద్ద తేడా కనపడకపోవచ్చు. ఏళ్ల తరబడి సరుగుడో, జామాయిలో ఉండి, ఇప్పుడే తీసేసిన భూమి అయితే తప్పకుండా పట్టించండి.

నా మాట నమ్మి రేపే రెండున్నర బస్తాలు కొనెయ్యమని నేను చెప్పట్లేదు. మీ మడిలో మీరే చూసుకోండి. రెండు రకాల విత్తనం తీసుకోండి. ఒక్కో రకానికీ ఒక పట్టీ సూపర్‌తో, ఒక పట్టీ సూపర్ లేకుండా. నాలుగు పట్టీలయ్యాయి. దీన్నే మడిలో ఇంకో రెండు చోట్ల మళ్లీ వెయ్యాలి. ఎందుకు? మడిలో ఒక మూల పల్లం, ఒక మూల మెరక. ఒకచోటే వేస్తే ఆ పల్లం చేసిన గొప్పని ఎరువు ఖాతాలో రాసేస్తాం. పూత మొదలయ్యే వేళకి ఒక్కో పట్టీలోంచి పది మొక్కలు తవ్వండి, బుడిపెలు కొయ్యండి, ఎర్రవి ఎన్నో లెక్కపెట్టండి. కోత వేరువేరుగా చేసి, వేరువేరుగా తూచండి. ఆడవాళ్లు ఈ పని మగవాళ్ల కంటే బాగా చేస్తారు, కోతలో కాయ కోసేది వాళ్లే కాబట్టి ఏ పట్టీ బరువో వాళ్ల చేతికే తెలుస్తుంది. పెరిగిన గింజ ఖరీదు సూపర్ ఖరీదుకి మించిందా లేదా చూసుకోండి. మించకపోతే ఆ రకానికి, ఆ మడిలో, ఎరువు తగ్గించండి. నేనొచ్చి ఏమనను.

ఏవైనా అడగండి. టీ వస్తోంది, ఈలోపు రెండు మూడు ప్రశ్నలు తీసుకుంటాను.

ఏటన్నారు? వరి కోతకి ముందు మడిలో చల్లే అపరాలకి భాస్వరం ఎలా వెయ్యాలి, దున్నం కదా అని. మంచి ప్రశ్న. మన పల్లంలో మినుము, పెసర అలాగే వేస్తాం, బొబ్బర్లు వేసేవాళ్లూ కొందరున్నారు. అక్కడ ఇబ్బంది ఏమిటంటే, నీళ్లు నిలిచినన్నాళ్లూ ఇనుము పట్టు వదిలి భాస్వరం బాగా అందుతుంది. మడి ఆరేకొద్దీ ఇనుము దాన్ని మళ్లీ పట్టేసుకుంటుంది, ఒక్కోసారి ముందుకంటే గట్టిగా. సరిగ్గా అప్పుడే మన అపరాలు మొలుస్తాయి. చాలులో వెయ్యలేం. పైన చల్లితే దండగ. అంచేత వరికి దమ్ములో వేసే భాస్వరం తగ్గించకుండా వెయ్యండి, దాని మిగులు వీటికి కొంత పనికొస్తుంది. పూత వేళ డీఏపీ 2 శాతం, అంటే లీటరు నీటికి 20 గ్రాములు, రాత్రి నానబెట్టి, పొద్దున్న పైతేట వడకట్టి ఆకు మీద పిచికారీ చెయ్యండి. వడకట్టకపోతే నాజిల్ పట్టేస్తుంది. అది నేలలో వేసినదానికి సాటి రాదు, కానీ అక్కడ అంతకంటే దారి లేదు.

అమ్మా, మీరు అడగండి. ఇంటి విత్తనం మళ్లీ వేసుకోవచ్చా? వేసుకోవచ్చు. బొబ్బరి తన పుప్పొడితో తానే కట్టుకునే పంట, గుణం అంత తొందరగా మారదు. కానీ ఆకు మీద పసుపు, పచ్చ మచ్చలు కలగలిసి ముడతపడిన మొక్కలుంటాయి చూడండి, ఆ వైరస్‌ల్లో కొన్ని గింజలోంచే వస్తాయి. అలాంటి మొక్క కాయ విత్తనానికి కలపొద్దు. చేను పచ్చగా ఉన్నప్పుడే మంచి మొక్కలకి గుర్తుగా గుడ్డపీలిక కట్టేసి, వాటి కాయ విడిగా కొయ్యండి. బాగా ఎండబెట్టి, గాలి చొరని డబ్బాలో పెట్టండి. పుచ్చు పురుగు చాలాసార్లు చేలోనే కాయ మీద గుడ్లు పెట్టి ఇంటికొస్తుంది, నిల్వలో ఇంకా పెరుగుతుంది. అంచేత ఎండబెట్టడంలో బద్ధకించొద్దు.

చివరగా ఆ బాబు. ఉలవకి కూడా ఇదే మోతాదా అని. ఉలవకీ బొబ్బరికీ బుడిపె కట్టే సూక్ష్మజీవి జాతి ఒకటే, భాస్వరం అవసరమూ అలాంటిదే. కానీ ఉలవని మనం ఎప్పుడు వేస్తాం? వానలు వెనకబడ్డాక, మిగిలిన తేమ మీద, ఆఖరి మడిలో. తేమ లేకపోతే వేసిన భాస్వరం దగ్గరికి వేరు వెళ్లలేదు, వెళ్లినా తాగలేదు. అలాంటి మడిలో డబ్బు పెట్టి 20 కిలోలు వెయ్యమని నేను చెప్పను. ముందు పంటకి, అంటే చోడికో నువ్వుకో, వేసుకోండి. దాని మిగులు మీద ఉలవ పండుతుంది. తేమ బాగా ఉన్న ఏడు మాత్రం ఒక పట్టీలో చాలు వెంట ఎకరాకి ఒక బస్తా లెక్కన సూపర్ వేసి చూడండి, కోశాక ఆ పట్టీ గింజ విడిగా తూచి, ఎంతొచ్చిందో నాకు ఫోన్ చేసి చెప్పండి.